సాయంత్రం ఏడింటికి పడిపోయే మెయిన్ బ్రేకర్: చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీలో ఒక ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) కేసు

జూన్ మూడో వారం, రాత్రి తొమ్మిదిన్నర. తిరుపతిలో ఇంట్లో అన్నానికి కూర్చున్నాను, ఫోన్ మోగింది. చిత్తూరులో గుడిపాల దారిలో ఉన్న ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ మేనేజరు గారు.

“సార్, మెయిన్ బ్రేకర్ పడిపోతా ఉంది. నాలుగు రోజుల నుంచి ఇదే గోల. పగలంతా బాగానే ఉంటుంది. సాయంత్రం ఏడైతే చాలు, టప్‌మని పడిపోతుంది. కొత్త బ్రేకరు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి సార్.”

జూన్, జూలై అంటే ఏమిటో చిత్తూరు వాళ్లకి చెప్పనక్కర్లేదు. తోతాపురి లోడుతో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉంటాయి. లోపల మాగిన కాయ ఎదురుచూడదు. స్టెరిలైజర్ మధ్యలో ఆగితే అందులో ఉన్న పల్ప్ పనికిరాదు, లైనంతా కడిగి మళ్లీ మొదలుపెట్టాలి. అలాంటి టెన్షన్‌లో మెయిన్ పడితే ఎవరైనా చేసే మొదటి పని దాన్ని మళ్లీ ఎక్కించడం. వాళ్లూ అదే చేశారు. నాలుగు రోజుల్లో ఆరుసార్లు.

“పడినప్పుడు రిలీజ్ మీద ఏ లైటు వెలిగింది?” అని అడిగాను.

“లైటా? ఎర్ర బటన్ బయటికొస్తుంది సార్. దాన్ని నొక్కి మళ్లీ ఆన్ చేస్తాం.”

పదహారేళ్లుగా ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెళ్ల టెస్టింగ్, మెయింటెనెన్స్ చేస్తున్నాను. ఈ జవాబు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. రిలీజ్ అంటే కరెంటు చూసి బ్రేకర్‌ని ఎప్పుడు పడేయాలో తేల్చే యూనిట్. బ్రేకర్ ఎందుకు పడిందో చెప్పే సాక్ష్యం దాని మీద ఉన్న ఆ లైటే. ఎర్ర బటన్ నొక్కగానే అదీ పోతుంది.

మరుసటి రోజు పొద్దున్నే మా కుర్రాణ్ణి వెంటబెట్టుకుని పూతలపట్టు మీదుగా బయల్దేరాను. దారిలో ప్రతి మలుపులో కాయల బండ్లే. ఫ్యాక్టరీకి చేరేసరికి తొమ్మిదైంది.

ముందు అక్కడి ఏర్పాటు చెప్పాలి. 11 కేవీ సప్లై, 750 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, సెకండరీ 433 వోల్టులు. లెక్కకి ఫుల్ లోడ్ కరెంటు 1000 ఆంపియర్లు. దాని కింద 1250 ఆంపియర్ల ఏసీబీ. మూడు పోల్స్‌ది, బయటికి లాగే డ్రా అవుట్ రకం, ఎలక్ట్రానిక్ రిలీజ్ ఉంది. న్యూట్రల్‌కి బ్రేకర్‌లో పోల్ లేదు కాబట్టి న్యూట్రల్ బస్‌బార్‌కి (కరెంటు పోయే లోహపు కడ్డీకి) విడిగా ఒక సీటీ (కరెంటుని కొలిచే రింగు, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) తొడిగి, దాని వైర్లు రిలీజ్‌కి తెచ్చారు. ఈ సీటీని గుర్తుపెట్టుకోండి. పక్కనే డీజీ (డీజిల్ జనరేటర్) ఇన్‌కమర్, ఏపీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే కెపాసిటర్ల) ప్యానెల్, ఆ తర్వాత పల్పర్, కంప్రెసర్, చిల్లర్, బాయిలర్, లైటింగ్ ఫీడర్లు.

అక్కడి ఎలక్ట్రీషియన్‌కి యాభై దాటి ఉంటాయి. ఇరవై సీజన్లు ఆ ఫ్యాక్టరీలోనే చూశాడు. మనిషి మంచివాడు, పనిమంతుడు. రిలీజ్ మీద డయల్స్ చూసి నేను ఏమీ అనకముందే ఆయనే అందుకున్నాడు.

“లోడు ఎక్కువైందేమో అనుకుని కాస్త పెంచినా సార్. మొదట ఎల్ పెంచినా. అప్పుడూ పడె. మళ్లీ ఎస్ పెంచినా. అట్లా ఒక్కొక్కటే...”

“ఏది ఎంత ఉండేదో రాసుకున్నావా అన్నా?”

రాసుకోలేదు. ఎల్ 1.0 దగ్గర, ఎస్ 10 దగ్గర, ఐ చిట్టచివర ఉన్నాయి. జీ ఒక్కటే 0.2 దగ్గర అలాగే ఉంది. అదేమిటో తెలియక దాని జోలికి పోలేదట.

తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. ఎల్ అంటే ఓవర్‌లోడ్, నిదానంగా పనిచేస్తుంది. ఎస్ అంటే షార్ట్ సర్క్యూట్, కానీ కొంచెం ఆగి పడుతుంది. కింది ఫీడర్ బ్రేకర్‌కి ముందు అవకాశం ఇవ్వడానికే ఆ ఆగడం. ఐ అయితే ఆగేది లేదు, వెంటనే పడుతుంది. జీ ఎర్త్ ఫాల్ట్‌ది, అంటే కరెంటు నేలలోకో, బాడీలోకో పోతే పడేది. ఈ నాలుగింటినీ ట్రాన్స్‌ఫార్మర్ సైజు, కింది బ్రేకర్ల సెట్టింగ్, కేబుళ్లు చూసి లెక్కగట్టి పెడతారు. రేడియో వాల్యూమ్‌లాగా అవసరానికి తిప్పుకునేవి కావు. ఆయన ఏం తిప్పాడో, దానివల్ల ఏం జరిగి ఉండేదో తర్వాత చెబుతాను. ఆ లెక్క వేస్తున్నప్పుడు నాకే చెమట పట్టింది.

ముందు సాక్ష్యం కావాలి. రిలీజ్‌లో బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ట్రిప్ అయ్యాక సప్లై పోయినా కారణం చూపించే లైటు వెలగడానికే ఆ బ్యాటరీ. ఎవరూ మార్చలేదు. మధ్యాహ్నం లైను కడిగే సమయంలో నలభై నిమిషాల షట్‌డౌన్ అడిగి బ్యాటరీ మార్చాను. అదే సమయంలో హెచ్‌టీ (11 కేవీ వైపు) ఆఫ్ చేయించి మూడు ఫేజులకి, న్యూట్రల్ బార్‌కి, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ నుంచి రెండు ఎర్త్ పిట్లకి వెళ్లే రెండు పట్టీలకి మెత్తటి క్లాంప్‌లు తొడిగి, వైర్లు బయటికి తీసి కరెంటుని నమోదు చేసే లాగర్‌కి కలిపాను. తలుపులు బిగించాకే సప్లై ఇచ్చాం. లైవ్ ప్యానెల్ తలుపు తీసి టాంగ్ టెస్టర్ దూర్చి చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. బస్‌బార్ల మధ్య బల్లి పడి మాడిపోయిన ప్యానెల్ ఒకటి చూశాక మానేశాను.

సాయంత్రం నేను, మా కుర్రాడు, ఎలక్ట్రీషియన్ అన్న ప్యానెల్ రూమ్ బయట స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. ఆరున్నరకి యార్డులో ఫ్లడ్ లైట్లు వేశారు. కాయ దింపే చోట, కాటా దగ్గర, లేబర్ షెడ్లలో లైట్లు, ఫ్యాన్లు. కాయ మాగబెట్టే కొత్త షెడ్‌లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. ఏడూ అయిదుకి టప్‌మంది. ఎలక్ట్రీషియన్ అన్న అలవాటు కొద్దీ లేచాడు. భుజం పట్టుకుని కూర్చోబెట్టాను.

జీ లైటు వెలుగుతోంది.

లాగర్ తీసి చూశాను. పడే ముందు ఆర్ ఫేజ్ 640, వై ఫేజ్ 655, బీ ఫేజ్ 720 ఆంపియర్లు. ఓవర్‌లోడ్ మాటే లేదు. న్యూట్రల్‌లో పగలు 70, 80 మధ్య ఉన్న కరెంటు 132కి ఎక్కింది. ఎర్త్ పట్టీలు రెండూ కలిపి చూసినా 2 ఆంపియర్లు దాటలేదు.

ఈ చివరి అంకె దగ్గరే కేసు సగం తేలిపోయింది. జీ సెట్టింగ్ 0.2, అంటే 1250లో 250 ఆంపియర్లు. నిజంగా 250 ఆంపియర్ల ఎర్త్ ఫాల్ట్ ఉంటే ఆ కరెంటు నేలలోంచో, ప్యానెల్ బాడీలోంచో తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కి రావాలి. వచ్చే దారి ఆ రెండు పట్టీలే. ప్యానెల్‌లో న్యూట్రల్‌కి, బాడీకి ఎక్కడా లింకు లేదని ముందే చూశాను. పట్టీల్లో ఏమీ లేదంటే ఎర్త్ ఫాల్ట్ లేదు. లేనిది ఉన్నట్టు రిలీజ్‌కి కనిపిస్తోంది.

ఎందుకు కనిపిస్తుంది? రిలీజ్ చేసేది కూడిక మాత్రమే. మూడు ఫేజుల కరెంటు, న్యూట్రల్ కరెంటు కలిపి చూస్తుంది. ఫేజుల్లోంచి పోయినదంతా న్యూట్రల్‌లోంచి తిరిగొస్తే మొత్తం సున్నా. కొంత ఎర్త్‌లోకి పోతే ఆ తేడా మిగులుతుంది. కానీ న్యూట్రల్ సీటీని తిరగేసి తొడిగితే? తీసేయాల్సిన 132ని రిలీజ్ కలుపుకుంటుంది. 132 రెండింతలు 264. సెట్టింగ్ 250. పగలు 80 రెండింతలైనా 160 దాటదు కాబట్టి పడదు. సాయంత్రం సింగిల్ ఫేజ్ లోడు పడగానే గీత దాటుతుంది. ఏడు గంటల గుట్టు ఇదే అని నాకు గట్టిగా అనిపించింది.

“మార్చిలో న్యూట్రల్ బార్ ఏమైనా కదిలించారా?” అని అడిగాను. మార్చి అని ఊహించడానికి కారణం ఉంది. సీజన్ ముందు రిపేర్లన్నీ అప్పుడే జరుగుతాయి.

మేనేజరు గారు ఆలోచించి, “కొత్త షెడ్ ఫీడర్ కోసం న్యూట్రల్ బార్ మార్పించాం సార్. కానీ ఆ తర్వాత టెస్టింగ్ కూడా చేయించాం, రిపోర్టు ఉంది” అన్నారు.

రిపోర్టు నిజంగానే ఉంది. నాలుగు ఫంక్షన్లూ బాగున్నాయని రాశారు. అబద్ధం కాదు. సెకండరీ ఇంజెక్షన్ కిట్‌తో రిలీజ్‌ని మాత్రమే పరీక్షించారు. ఆ కిట్ సీటీని దాటేసి నేరుగా రిలీజ్ పిన్నుల్లోకి కరెంటు పంపుతుంది. సీటీ తిరగబడిందో, అసలు ఉందో లేదో దానికి తెలియదు. బస్‌బార్ కదిలించాక ప్రైమరీ ఇంజెక్షన్ చేయాలి, అంటే బస్‌బార్‌లోంచే నిజమైన కరెంటు పంపి చూడాలి. ఖర్చు, టైమ్, బరువైన కిట్. అందుకే చాలా చోట్ల దాటేస్తారు.

మేనేజరు గారు ఒక దగ్గరి దారి చూపించారు. “కారణం తెలిసింది కదా సార్. సీజన్ అయ్యేదాకా ఆ జీ ఆఫ్ చేసేయండి. జూలై ఆఖర్లో తీరిగ్గా చూద్దాం.”

ఆయన బాధ నాకు తెలుసు. అయినా ఒప్పుకోలేదు. 250 ఆంపియర్ల ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్ మనిషిని కాపాడదు. షాక్ నుంచి కాపాడాలంటే కింద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలే ఉండాలి. కానీ తడి నేల, ఆవిరి, పాత కేబుళ్లు ఉన్న చోట కేబుల్ కాలి బాడీకి ఆర్క్ కొడితే, దాన్ని నిప్పు కాకముందే ఆపేది ఈ జీ ఒక్కటే. పైగా మిగతా మూడు డయల్స్ అప్పటికే చివరికి తిప్పి ఉన్నాయి. ఇది కూడా తీసేస్తే ఆ ప్యానెల్‌కి మిగిలేది ఏమీ లేదు.

మధ్యేమార్గంగా ఆ రాత్రికి యార్డు లైట్లు సగం ఆర్పించి, షెడ్ ఫ్యాన్లు కొన్ని డీజీ మీదకి మార్చాం. ఎల్, ఎస్, ఐ డయల్స్ మాత్రం బ్రేకర్ పడి ఉన్నప్పుడే, ఎక్కించకముందే, పాత సెట్టింగ్‌కి తెచ్చాను. పాత కమిషనింగ్ షీటు మేనేజరు గారి బీరువాలో, కరెంటు బిల్లుల కట్ట అడుగున దొరికింది. అది దొరక్కపోతే ఆ రాత్రి కూర్చుని లెక్కలు వేయాల్సి వచ్చేది. ఆదివారం రాత్రి పది నుంచి పొద్దున అయిదు దాకా పూర్తి షట్‌డౌన్ ఇస్తామన్నారు.

ఆదివారం రాత్రి

ఏసీబీని బయటికి లాగేస్తే సప్లై పోయినట్టే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇన్‌కమర్ విషయంలో అది ప్రాణాంతకమైన పొరపాటు. బ్రేకర్ బయటికొచ్చాక క్రేడిల్ (అది కూర్చునే చట్రం) వెనక షట్టర్లు మూసుకుంటాయి. వాటి వెనక పై వరస జా కాంటాక్ట్‌లు (బ్రేకర్‌ని బస్‌బార్‌కి కలిపే దవడలు) ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నేరుగా లైవ్‌లోనే ఉంటాయి. వాటిని ఆపే బ్రేకర్ మధ్యలో ఏదీ లేదు. షట్టర్ ఎత్తి టార్చి వేసి చూద్దామనుకుంటే అంతే. అందుకే క్రేడిల్‌లో చెయ్యి పెట్టాలంటే హెచ్‌టీ వైపే తీయాలి.

లోడ్లన్నీ ఒక్కొక్కటిగా ఆపించి, ఏసీబీ ఆఫ్ చేసి, హెచ్‌టీ వీసీబీ (వాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్) తెరిచి బయటికి లాగి తాళం వేశాను. తాళంచెవి నా జేబులో. ట్రాన్స్‌ఫార్మర్ హెచ్‌టీ వైపు ఎర్త్ చేశాం. డిస్ట్రిబ్యూషన్ వాళ్ల లైను ముట్టుకునే పని కాదు కాబట్టి లైన్ క్లియర్ (లైను ఆపామని వాళ్లిచ్చే అనుమతి) అవసరం రాలేదు. ముట్టుకునేదైతే అది చేతికి రాకుండా మొదలుపెట్టకూడదు.

వీటన్నిటికంటే ముందే డీజీ సంగతి చూశాను. “ఏఎంఎఫ్ ఆఫ్‌లోనే ఉంది సార్” అన్నాడు డీజీ ఆపరేటర్. ఏఎంఎఫ్ అంటే మెయిన్ సప్లై పోగానే డీజీని తనంతట తానే స్టార్ట్ చేసే ఏర్పాటు. నమ్మకం లేక కాదు, అలవాటు కొద్దీ వెళ్లి చూశాను. సెలెక్టర్ ఆటోలో ఉంది. పాపం ఆ కుర్రాడు సాయంత్రం ఆఫ్ చేశాడు, షిఫ్ట్ మారాక ఇంకొకడు ఆటోలో పెట్టాడు. వెళ్లి చూడమని నాతో అన్నది ఎవరూ లేరు. అలాగే వదిలేసి ఉంటే? డీజీ స్టార్ట్ అయ్యి కింది వైపు నుంచి బస్‌బార్ మొత్తాన్ని లైవ్ చేసేది, మా కుర్రాడు అందులో స్పానర్ పట్టుకుని ఉండగా. సెలెక్టర్ ఆఫ్ చేసి, డీజీ బ్రేకర్‌కి తాళం వేసి, బ్యాటరీ నెగటివ్ కూడా విప్పించాను. సప్లై తీశాక ఏపీఎఫ్‌సీ కెపాసిటర్లు డిశ్చార్జ్ కావడానికి అయిదు నిమిషాలు ఆగి కొలిచాం.

ఇక సప్లై లేదని తేల్చుకోవడం. మీటర్‌ని ముందు మా బండిలో ఉన్న ఇన్వర్టర్ మీద పెట్టి చూశాను, పనిచేస్తోంది. తర్వాత బస్‌బార్ల మీద ఫేజుకి ఫేజుకి, ఫేజుకి న్యూట్రల్‌కి, ఫేజుకి ఎర్త్‌కి. అన్నీ సున్నా. మళ్లీ ఇన్వర్టర్ మీద. మధ్యలో మీటర్ చచ్చిపోతే సున్నా చూపిస్తుంది కదా, అందుకని ఆఖర్లో ఇంకోసారి. జేబులో ఉండే లైన్ టెస్టర్‌ని ఈ పనికి నేను నమ్మను. చివరికి మూడు ఫేజుల్ని షార్ట్ చేసి ఎర్త్ వేశాం. పదకొండు దాటింది. గంట పోయిందని మేనేజరు గారి మొహం మాడింది గానీ ఏమీ అనలేదు.

బ్రేకర్‌ని బయటికి లాగే ముందే కంట్రోల్ సప్లై ఫ్యూజులు తీశాను. లేకపోతే స్ప్రింగ్ వదిలిన ప్రతిసారీ మోటార్ మళ్లీ బిగిస్తుంది. ఆ స్ప్రింగ్‌లో ఉన్న బలం వేలు విరిచేంత. బయటికి లాగాక ఆన్ నొక్కాను, ధడ్‌మని క్లోజ్ అయింది. ఆఫ్ నొక్కాను, తెరుచుకుంది. ఇప్పుడు రెండు స్ప్రింగులూ ఖాళీ. ఇండికేటర్‌లో కూడా ‘డిశ్చార్జ్’ అని చూసుకున్నాకే మూత విప్పాం.

ఆర్క్ చూట్‌లు (ఆర్క్‌ని చల్లార్చే గూళ్లు) తీస్తే లోపల ప్లేట్లు బాగానే ఉన్నాయి, కొంచెం మసి. మెయిన్ కాంటాక్ట్‌ల మీద నల్లటి పొర ఉంది. మా కుర్రాడు బ్యాగులోంచి ఎమరీ పేపర్ తీశాడు. లాక్కున్నాను. కాంటాక్ట్ మొన మీద ఉండేది వెండి కలిసిన మిశ్రమం. నల్లబడినంత మాత్రాన కాంటాక్ట్ చెడిపోయినట్టు కాదు. రుద్దితే పోయేది నలుపు ఒక్కటే కాదు, వెండి కూడా పోతుంది. పైగా రాలిన పొడి ఇన్సులేషన్ మీద కూర్చుంటుంది. నూలు రాలని గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి తుడిస్తే చాలు. మెకానిజంలో పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. అది మొత్తం తీసి, కంపెనీ మాన్యువల్‌లో చూపిన చోట్ల మాత్రమే, వాళ్లు చెప్పిన గ్రీజే పలచగా రాశాం. ఎవరో గత ఏడాది ఏదో స్ప్రే కొట్టినట్టున్నారు, దానికి దుమ్ము అంటి జిగురైంది.

బీ ఫేజ్ జా కాంటాక్ట్ చూడగానే తెలిసిపోయింది. వెండి పూత మీద నీలం, గోధుమరంగు చారలు. స్ప్రింగు వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది, పక్క ఫేజ్‌ది గట్టిగా నిలబడింది. 100 ఆంపియర్ల డీసీ పంపి నిరోధం మైక్రో ఓమ్‌లలో కొలిస్తే ఆర్ 24, వై 26, బీ 61. ఈ అంకెలకి అందరికీ ఒకే హద్దు ఉండదు. మూడు పోల్స్‌ని ఒకదానితో ఒకటి పోల్చుకోవాలి. 720 ఆంపియర్ల దగ్గర బీ పోల్‌లో సుమారు 32 వాట్లు వేడి పుడుతుంది, ఆర్‌లో అదే కరెంటుకి 12. యార్డు లైట్లు, షెడ్ ఫ్యాన్లు చాలావరకు బీ ఫేజ్ మీదే వేశారని తర్వాత తేలింది. పాపం ఆ కాంటాక్ట్ రెండు రకాలుగా నలిగింది. తుడిచి, సరిచేసి చూస్తే 41కి దిగింది. అది చాలదు. కొత్త జా సెట్ బెంగళూరు నుంచి తెప్పించి వారం తర్వాత ఇంకో చిన్న షట్‌డౌన్‌లో మార్చాం, 26 వచ్చింది.

రెండు గంటలకి న్యూట్రల్ సీటీ దగ్గరికి వచ్చాం. కేబుల్ అల్లేలో (ప్యానెల్‌లో కేబుళ్లు పోయే అరలో) అడుగున, వంగి చూస్తే గానీ కనిపించని చోట. సీటీ మీద పీ1 అచ్చు ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఉండాలని ఆ ప్యానెల్ డ్రాయింగ్‌లో ఉంది. టార్చి వేస్తే అచ్చు గోడవైపు, లోడ్ వైపు కనిపించింది. బార్ మార్చినప్పుడు తీసి, తిరగేసి తొడిగారు. గుండ్రటి వస్తువు, ఎటు తొడిగినా సరిగ్గా పట్టేస్తుంది.

వెంటనే తిప్పెయ్యలేదు. ముందు తప్పు తప్పేనని రుజువు కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ వైపు లింకులు విప్పాం. ఇది ఎందుకంటే, ఇంజెక్షన్ చేసేటప్పుడు ఆ వైండింగ్ మీద 3 వోల్టులు పడ్డా హెచ్‌టీ వైపు 44 రెట్లు, అంటే 130 పైనే పుడుతుంది. ఎర్త్ వేసి ఉన్నా ఆ దారి అసలు లేకుండా చేయడం మేలు. షార్ట్ కోసం వేసిన ఎర్తింగ్‌ని కూడా, టెస్ట్‌కి అడ్డు వచ్చే చోట, నేను నిలబడి చూస్తుండగానే తీయించి రాసుకున్నాను. బ్రేకర్‌ని లోపలికి తోసి, రిలీజ్‌కి విడిగా సప్లై ఇచ్చి, క్లోజ్ చేశాం. ఇన్‌కమింగ్ వైపు ఆర్‌ని న్యూట్రల్‌తో కలిపి, లోడ్ వైపు నుంచి ఆర్‌లోకి 300 ఆంపియర్లు పంపాం. ఆర్‌లోంచి పోయిన కరెంటు మొత్తం న్యూట్రల్ సీటీలోంచే తిరిగి వస్తోంది. సీటీ సరిగా ఉంటే కూడిక సున్నా, బ్రేకర్ కదలకూడదు.

ధడ్. 0.4 సెకన్లలో పడింది. జీ లైటు.

సీటీ తిప్పి తొడిగి, బోల్టులు డ్రాయింగ్‌లో ఉన్న టార్క్‌కి బిగించి, మార్కర్ గీత గీసి, మళ్లీ 300. నిమిషం పాటు చూశాం, కదల్లేదు. ఎలక్ట్రీషియన్ అన్న కింద కూర్చుని తల పట్టుకున్నాడు. “ఇంత చిన్నదానికా సార్?” అన్నాడు. ఆ తర్వాత న్యూట్రల్ సీటీని వదిలేసి ఆర్ ఒక్కదాంట్లోంచే పంపాం. 230 దగ్గర నిలబడింది, 262 దగ్గర పడింది. నిజమైన ఎర్త్ ఫాల్ట్ వస్తే పడుతుంది, లేకపోతే పడదు. అప్పుడు గానీ నాకు టీ తాగాలనిపించలేదు.

డయల్స్ సంగతి

టీ తాగుతూ కాగితం మీద లెక్క వేసి ఎలక్ట్రీషియన్ అన్నకి చూపించాను. ఆయన్ని తప్పుపట్టడానికి కాదు, ఆయన అడిగాడు కాబట్టి.

ట్రాన్స్‌ఫార్మర్ ఇంపిడెన్స్ (కరెంటుకి దాని అడ్డం) 5 శాతం. బస్‌బార్ దగ్గర గట్టి షార్ట్ అయితే 1000ని 0.05తో భాగిస్తే 20,000 ఆంపియర్లు. కానీ ప్యానెల్‌లో జరిగే ప్రమాదాలు ఎక్కువగా గట్టి షార్ట్‌లు కావు, గాలిలో ఆర్క్‌లు. ఆర్క్‌కి దాని అడ్డం దానికుంటుంది, కరెంటు సగానికో, ఇంకా కిందకో దిగుతుంది. 9,000 అనుకుందాం. పాత షీటులో ఎల్ 0.8, అంటే 1000 ఆంపియర్లు, సరిగ్గా ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగినంత. ఎస్ దానికి 4 రెట్లు, 4000, ఆలస్యం 0.3 సెకన్లు. 9,000 వస్తే 0.3లో పడిపోతుంది.

ఆయన తిప్పిన తర్వాత ఎల్ 1250, ఎస్ 10 రెట్లు, 12,500. ఐ దానికి ఇంకా పైన. 9,000 వస్తే ఎస్‌కి కనిపించదు, ఐకి కనిపించదు. ఫేజుకి ఫేజుకి మధ్య ఆర్క్ అయితే జీకి కూడా కనిపించదు. మిగిలింది ఎల్. దానికి 6 రెట్ల దగ్గర 12 సెకన్ల సెట్టింగ్ ఉంది. 9,000 అంటే 7.2 రెట్లు, 8 సెకన్ల పైన పడుతుంది. 0.3 సెకన్లలో ఆగాల్సిన మంట 8 సెకన్లు మండుతుంది. దాదాపు 28 రెట్ల శక్తి. నాలుగు రోజులు ఆ ప్యానెల్ ముందు నిలబడి, ఆరుసార్లు చేత్తో ఆన్ నొక్కింది ఆయనే.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. “మా వాడు గూడా పక్కనే నిలబడె” అన్నాడు. కొడుకు ఆ ఏడే హెల్పర్‌గా చేరాడట.

ఎస్‌ని 4000 దగ్గరే ఎందుకు ఉంచానంటే, కింద అన్నిటికంటే పెద్దది 400 ఆంపియర్ల ఎంసీసీబీ (ఫీడర్ బ్రేకర్). దాని మాగ్నెటిక్ ట్రిప్ 10 రెట్లు, 4000. అది ఆలస్యం లేకుండా పడుతుంది, మెయిన్ 0.3 ఆగుతుంది కాబట్టి ఫీడర్‌లో తప్పు జరిగితే ఫీడరే ముందు పడాలి. తిప్పేటప్పుడు ఒక జాగ్రత్త. డయల్ రెండు గీతల మధ్య ఆగకూడదు, క్లిక్ వినిపించాలి. మధ్యలో ఉంటే రిలీజ్ దాన్ని ఎటు లెక్కపెడుతుందో మన చేతిలో ఉండదు. ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో, ఆపై సెకండరీ కిట్‌తో నాలుగూ ఒకసారి పరీక్షించి అంకెలు రాశాం. ఆ కిట్ పనికిమాలినదని నేను అనలేదు, దాని పని అది చేస్తుంది.

మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షించేటప్పుడు మాత్రం రిలీజ్ ప్లగ్ తీసేశాం. 1000 వోల్టులు దాని ఎలక్ట్రానిక్స్‌లోకి పోతే కొత్త రిలీజ్ కొనాలి.

అయిదుంబావుకి పనిముట్లు లెక్కపెట్టాం. పధ్నాలుగు స్పానర్లు, పధ్నాలుగూ ఉన్నాయి. లింకులు, ఎర్త్‌లు, గుడ్డలు, టార్చి. షార్ట్ లింకు తీశామా అని నేను, మా కుర్రాడు విడివిడిగా వెళ్లి చూశాం. తాళాలు వేసిన వరసకి ఎదురు వరసలో తీశాను. హెచ్‌టీ ఇచ్చి, తలుపులు మూసి, రిమోట్ వైరు కట్టి దూరం నుంచే ఏసీబీ ఎక్కించాం.

ఆ తర్వాతి రెండు రోజుల్లో యార్డు లైట్లని, షెడ్ ఫ్యాన్లని మూడు ఫేజుల మీద పంచారు. సాయంత్రం న్యూట్రల్ 60 దగ్గర ఆగింది. సెట్టింగ్ షీటుని లామినేట్ చేసి ప్యానెల్ తలుపు లోపల అంటించాం. డయల్స్ మూతకి సీల్ వేశాను. సీల్ తెంపితే తెంపిన వాళ్లు తేదీ, కారణం రిజిస్టర్‌లో రాయాలని మేనేజరు గారే పెట్టారు. కొత్త బ్రేకరు కొనలేదు.

జూలై రెండో వారం. మధ్యాహ్నం మూడింటికి ఎలక్ట్రీషియన్ అన్న ఫోన్.

“సార్, పడింది. ఎల్ వెలిగింది. ఇంకా రీసెట్ నొక్కలేదు, ఫొటో పంపినా చూడండి.”

ఫొటో చూశాను. లోడ్ ఎంత ఉందని అడిగితే రెండు కంప్రెసర్లు, చిల్లర్, రెండో పల్పర్ అన్నీ ఒకేసారి నడిపారట, మీటర్‌లో 1,150 చూశాడట. ఈసారి నిజంగానే ఓవర్‌లోడ్.

“రెండో కంప్రెసర్ ఆపి పది నిమిషాలు చల్లారనిచ్చి ఎక్కించన్నా” అన్నాను.

“కంప్రెసర్ ఆపేసినా సార్ అప్పుడే. మీరు చెప్తే ఎక్కిద్దామని నిలబడినా.”